మలుపు దగ్గరి అద్దం

అద్దాల కంపెనీ వారికి,

వెర్మాంట్ కొండల్లో ఆవులు పెంచుకునే విల్మా థర్‌స్టన్ నమస్కారాలు. మా గేటు ముందే రోడ్డు మలుపు తిరుగుతుంది, వచ్చే బండి కనబడదు. మొన్న పాల లారీ నా కారు బంపరు ఊడగొట్టుకుపోయింది. మీ అద్దాన్ని ఎదురుగా ఉన్న మేపుల్ చెట్టుకు కొట్టించాను. అందులో రోడ్డు జానెడే కనిపిస్తోంది. చెంచాలా వంపు ఉన్నది పంపండి.

ఇట్లు,
విల్మా

తా.క.: నా ముఖం చూసుకోవడానికి కాదు. అదెలా ఉందో నాకు తెలుసు.

విల్మా గారికి,

బల్లపరుపు అద్దం దేన్నయినా ఉన్న సైజులోనే చూపిస్తుంది. అందుకే దానిలో ఎక్కువ రోడ్డు పట్టదు. మీరు అడిగినట్టే చెంచాలాంటిది పంపించాను.

భవదీయుడు,
లైల్ పెటిబోన్, ఫిర్యాదుల విభాగం

తా.క.: చెంచాకు రెండు వైపులుంటాయని పార్సిల్ వెళ్లిపోయాక గుర్తొచ్చింది.

లైల్ గారికి,

గుంటగా ఉన్న వైపు వచ్చింది. పాల లారీ నడిపే డ్యూయీ అందులో నా ఇల్లు తలకిందులుగా వేలాడటం చూసి, బండి ఆపి గడ్డిలో కూర్చున్నాడు. రెండు కప్పుల కాఫీ పోస్తే గానీ లేవలేదు. మధ్యాహ్నం దాని ముందు కంచె మీద నా గడ్డి టోపీ పెడితే పొగ వచ్చి చిల్లు పడింది.

ఇట్లు,
విల్మా

తా.క.: దగ్గరికెళితే ముఖం గంగాళమంత కనిపించింది. గడ్డం కింద ఒక వెంట్రుక దొరికింది, పీకేశాను. దానికి మాత్రం కృతజ్ఞతలు.

విల్మా గారికి,

క్షమించండి. గుంట అద్దం వెలుగునంతా ఒక్క చోటికి పోగేస్తుంది, మీ టోపీ సరిగ్గా అక్కడ దొరికిపోయింది. దూరపు వస్తువు అందులో తలకిందులవుతుంది, దగ్గరిది పెద్దదవుతుంది. ఇప్పుడు ఉబ్బెత్తుది పంపుతున్నాను. అన్నీ చిన్నగా, నిటారుగా ఉంటాయి, మలుపంతా కనిపిస్తుంది.

భవదీయుడు,
లైల్

తా.క.: వెంట్రుక విషయంలో కంపెనీకి ఏ బాధ్యతా లేదు.

లైల్ గారికి,

మలుపంతా కనిపిస్తోంది. బాధ కూడా అదే. మలుపవతల ఏమస్ కోల్బీ ఇల్లుంది. సంతలో జరిగిన పోటీలో, మేపుల్ చెట్టు రసం కాచి నేను చేసిన పాకానికి రెండో బహుమతి ఇచ్చిన మనిషి ఆయనే. అప్పటి నుంచి మాటల్లేవు. నేను గుమ్మంలో కాఫీ తాగుతుంటే తన వరండాలోంచి అద్దంలో నన్నే చూస్తున్నాడు. ఆయన నాకు కనిపించాలి, నేను ఆయనకు కనిపించకూడదు. అలాంటిది పంపండి.

ఇట్లు,
విల్మా

తా.క.: ఆయన పాకం నీళ్లలా ఉంటుంది. అడిగిన వాళ్లు లేరు గానీ చెబుతున్నాను.

విల్మా గారికి,

అలాంటి అద్దం మా దగ్గర లేదు. వెలుగు ఆయన నుంచి మీ దగ్గరికి ఏ దారిన వస్తుందో, మీ నుంచి ఆయన దగ్గరికి అదే దారిన పోతుంది. ఆయన కళ్లు మీకు కనిపిస్తున్నాయంటే మీ కళ్లు కూడా ఆయనకు కనిపిస్తాయి.

భవదీయుడు,
లైల్

తా.క.: ముందు ఎవరు చూశారన్నది అద్దం చెప్పలేదు.

లైల్ గారికి,

మీ ఉత్తరం చదివి నేరుగా ఏమస్ ఇంటికి వెళ్లాను. రోజూ నన్నెందుకు చూస్తున్నావని నిలదీశాను. ఆయన కుర్చీ జరిపి, "నువ్వే కదా విల్మా రోజూ చూస్తున్నావు. ఏదో చెప్పాలనుకుంటున్నావేమో, చెయ్యి ఊపితే వద్దామని కూర్చున్నా," అన్నాడు.

పాకం సంగతి అడిగాను. ఆ రోజు జలుబు చేసి ఏ రుచీ తెలియలేదని, సీసాల అందం చూసి బహుమతులు ఇచ్చానని ఒప్పుకున్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కాచిన కాఫీ అక్కడే తాగాను, బాగుంది.

ఇక అద్దాలేవీ పంపకండి.

ఇట్లు,
విల్మా

తా.క.: ఉదయం పూట నాకేమైనా ఉత్తరం వస్తే మలుపవతల ఇంట్లో ఇవ్వమని పోస్టతనికి చెప్పి ఉంచాను.