మీ రైలు ఆపించింది నేనే

పిస్కాటవే,
జులై 14

రాఘవులు మావయ్యకు నమస్కారాలు.

మొన్న సాయంత్రం మీ రైలును నలభై నిమిషాలు నిలబెట్టించింది నేనే. మీరు ఫోన్‌లో తిట్టిన తిట్లన్నీ భద్రంగా అందాయి.

“కార్లున్న దేశానికొచ్చి రైలు పట్టాల మీద మాస్టర్స్ ఏంటమ్మా?” అని ఏడాదిగా నవ్వుతున్నారు కదా, అందుకే మొదటి పాఠం మీకే చెబుతున్నాను. ఎండకు ఇనుము సాగుతుంది. అతుకుల్లేకుండా వేసిన పట్టాకు సాగే చోటుండదు, అందుకని ఒక్కోసారి పక్కకు వంగిపోతుంది. ఆ వంకర మీదికొస్తే రైలు పట్టాలు తప్పుతుంది. మొన్న ఇంటర్న్‌షిప్ పనిమీద లైను వెంట నడుస్తుంటే ఒకచోట పట్టా మెలి తిరిగినట్టు కనిపించింది. మా ఇన్‌స్పెక్టర్ డెనీస్‌కు చూపించాను. ఆవిడ వెంటనే రేడియోలో చెప్పి, వస్తున్న రైలును ఆపించింది.

అంతలో మీ ఫోన్. “ఎవడో బుర్రలేనోడు ట్రైన్ ఆపాడే! పాప డాన్స్ ప్రోగ్రాం మిస్సవుతున్నా.”

మీరు ఆ రైల్లో ఉన్నారని అప్పుడే తెలిసింది. అక్కడే కంకర మీద కూర్చుండిపోయాను. “అవును మావయ్యా” అని మాత్రం అన్నాను.

పాప ఆఖరి పాటకు అందుకున్నారట, సంతోషం. అత్తయ్యకు మాత్రం సిగ్నల్ పాడైందని చెప్పాను. మీరూ అదే చెప్పండి.

మీ మేనకోడలు