టవాలు కింద గిన్నె

12-5-1952

చి.సౌ. రామక్కకు నీ పెనిమిటి గంగప్ప ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. పోయిన జాబులో కూడా ఇదే రాశాను గానీ, ఈసారి నిజంగానే రాస్తున్నాను. కదిరిలో మీ పుట్టింట్లో నువ్వు, పిల్లవాడు, అత్తామామలు కులాసా అని తలుస్తాను.

ఎద్దుల సంగతి అడిగావు. బయ్యన్న తన మందతో పాటు వాటినీ మైసూరు సీమకు మేతకు తోలుకుపోయాడు. వాన పడితే గానీ తిరిగి రావు. అమ్మ రోజూ మన చావడి దగ్గర సర్కారు పెట్టిన కరువు గంజి కేంద్రానికి వెళ్లి తాగి వస్తోంది. ఉప్పు చాలలేదని పోసేవాడితో పోట్లాడుతోంది కాబట్టి ఆమె ఆరోగ్యానికి ఢోకా లేదు.

నా తిండి సంగతి ప్రతి జాబులోనూ అడుగుతావు, నేను దాటేస్తూ వచ్చాను. చెబితే నవ్వకు. మన ఊళ్లో ఆ గంజి వరసలో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లే నిలబడతారు. మీసమున్న వాడెవడూ అటు పోడు. నేనూ పోలేదు. తిన్నానులే అని అమ్మకు చెప్పి నీళ్లు తాగి పడుకునేవాణ్ణి. నిద్ర పట్టేది కాదు. ఊరికే ఆమె మీద కసురుకునేవాణ్ణి. ఇంటికి గింజలు తేలేనివాడు మగవాడేనా అని ఒకటే రంధి.

మొన్న కళ్లు తిరిగి చేన్లో కూలబడ్డాక భయం వేసింది. టవాలు కింద గిన్నె దాచుకుని, మనవాళ్ల కంట పడకుండా కంబదూరు కేంద్రానికి నడిచాను. వరసలో చేరి తల ఎత్తితే నా ముందున్నది కుళ్ళాయప్ప. ఉగాదికి రాతిగుండు ఎత్తి, మీసం మెలేసుకుంటూ ఊరంతా తిరిగే మన కుళ్ళాయప్పే. వాడి టవాలు కిందా గిన్నె ఉంది. వాడి ముందు లింగన్న, ఆ ముందు ఆదెన్న. ఒకరికొకరు తెలియకుండా మన ఊరి మగవాళ్లంతా అక్కడే ఉన్నారు.

"ఏమప్పా గంగప్పా, ఇట్లొచ్చినావు?" అన్నాడు కుళ్ళాయప్ప.

"ఎద్దు తప్పిపోయింటే ఎతుకుతాండా," అన్నాను.

"నీ ఎద్దులు మైసూరు సీమలో ఉండాయి కదప్పా."

వరసంతా నవ్వింది. నవ్వుతూనే కుళ్ళాయప్ప గిన్నె కింద పెట్టి ఏడ్చేశాడు. గంజి తాగాక గోడ నీడన కూర్చుని చెప్పాడు.

"బాయిలో దూకుదామని శానాతూర్లు పోయినానప్పా. ఎవరికి చెప్పుకునేది? మొగోణ్ణి కదా."

నీకు చెప్పని మాట ఇదే, రామక్కా. ఎండిన మన బావి గట్టున కూర్చుని నేనూ అదే అనుకున్నాను. వాడికి చెబుతుంటే నాకూ ఏడుపు ఆగలేదు. ఎవరూ ఎగతాళి చేయలేదు. ఇంటికొచ్చి, ఎన్నాళ్లకో ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

నువ్వు దిగులు పడకు. ఆ ఆలోచన మళ్లీ వస్తే వాడికి చెబుతానని మాట ఇచ్చాను, వాడూ నాకు ఇచ్చాడు. ఇప్పుడు అందరం మన చావడి దగ్గరే, అమ్మ వెనకే నిలబడి తాగుతున్నాం. ప్రాణం తేలికగా ఉంది.

పిల్లవాడు పాలకు ఏడిస్తే మామ "మొగోనివి, ఏడుస్తావేమిరా" అని గదమాయిస్తున్నాడని రాశావు. ఏడవనీమని చెప్పు. వాడి నాయన కూడా ఆకలికి ఏడ్చాడని, ఆ తర్వాతే కడుపు నిండా తాగాడని చెప్పు.

ఇట్లు,
నీ పెనిమిటి
గంగప్ప