గురువుగారి కళ్లు

ఎడిటర్ ఇసోగాయ్ గారికి నమస్కరించి రాస్తున్నాను.

రేపు అచ్చుకు వెళ్లే బొమ్మల కథలో వీరుడి కళ్లు మా గురువుగారు గీసినవి కావు, నేను గీసినవి. ఇళ్లూ చెట్లూ వానా సహాయకులం గీస్తాం గాని, ముప్పై ఏళ్లుగా కళ్లు మాత్రం ఆయనే గీస్తారు. ఇప్పుడు ఆయన చెయ్యి వణుకుతోంది. "జాలరి పిల్లవి, పడవలో కూడా వణకని చెయ్యి నీది. గీసెయ్యమ్మా, ఎవరికీ చెప్పకు" అన్నారు.

మీరేమో పేజీలు చూసి గురువుగారితో, "కళ్లు మాట్లాడుతున్నాయి సెన్సెయ్! మళ్లీ కుర్రాడైపోయారే!" అన్నారు. మీరు వెళ్లాక ఆయన కలాలన్నీ కడిగి పెట్టెలో సర్దేశారు. నా కళ్లే అచ్చయితే ఆ పెట్టె ఇక తెరవరు.

ఆయన గీసి బుట్టలో పారేసిన కళ్లను మడతలు సాపుచేసి ఈ కవరులో పెట్టాను. కొంచెం వంకరగా ఉన్నాయి. దయచేసి నావాటి మీద వీటినే అతికించి అచ్చువేయండి. ఎవరిచ్చారని ఆయన అడిగితే నేనేనని చెప్పండి.

గురువుగారి పేజీల్లో వాన గీసే అమ్మాయి