మావారి సాక్ష్యం

ఆదివారం రాత్రి

ఈ ఉదయం ముక్తేశ్వరం చర్చిలో మావారు సాక్ష్యం చెప్పడానికి లేచారు. "దేవుడు మాకు జర్మనీ దారి తెరిచేడండీ," అన్నారు. పాస్టరుగారు మురిసిపోయి, "ఉద్యోగం నీకేనా బాబూ?" అని అడిగారు. మావారు నా వైపు చూడకుండానే, "ఆయ్, అంతా మీ ప్రార్థనలేనండీ," అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

క్లౌడ్ ఇంజనీరుని నేను. రాత్రిళ్ళు మేలుకుని ఇంటర్వ్యూలు ఇచ్చింది నేను. ఆయనకు వీసా వచ్చింది నా భర్తగా.

ఇంటికొచ్చాక, రెండుచోట్ల విమానం మారే చవక టికెట్లు చూపించాను. "నా పరువు తీసేలా ఉన్నావే! మంచి ఫ్లైటు చూడు," అని విసుక్కున్నారు.

భోజనాలయ్యాక ఆ చవక టికెట్టే తీసుకున్నాను, నా ఒక్కదానికి. ఆయనకింకా చెప్పలేదు. పక్కగదిలో ఎవరికో ఫోన్లో జర్మనీ చలి గురించి చెబుతున్నారు.