రేడియోల ఇంకో పద్మ

జహీరాబాద్, 1978, ఆషాఢం, శుక్రవారం

ఇయ్యాల మధ్యాహ్నం రేడియోల "గాయని కె. పద్మ" అన్నరు. ఆ పద్మ నేను కాదు. పోయిన నెల హైదరాబాద్ రేడియో స్టేషన్‌ల పాడి చూపిచ్చొచ్చిన గని, ఇంకా జవాబు రాలె. ఇది నా పేరే ఉన్న ఇంకొకామె. ఏం గొంతు! పొట్టు తీస్తున్న అల్లం నా చేతిలనే ఉండిపోయింది.

పాట అయిపోకముందే పక్కింటి రజియా ఉరికొచ్చింది. "పద్మా, ముబారక్!" అన్నది. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ, "అవును, మా కోడలే," అన్నది. నేను హైదరాబాద్ పోతనంటే మూడు దినాలు మాట్లాడని మనిషి! పొద్దుగూకేసరికి గల్లీ అంత చెప్పొచ్చింది.

దీపం పెట్టినంక ధైర్యం చేసిన.

"అత్తమ్మా, పాడింది నేను కాదు."

"నాకెర్కలేదా? రోజు వంటింట్ల నీ గొంతు ఇంటలేనా?"

"మరి అందరికి ఎందుకు చెప్పిన్రు?"

"ఎన్నడన్న చెప్పేదే గద," అన్నది, బియ్యం చెరుగుకుంట.

ఆమె పండుకున్నది. నాకు నిద్ర వస్తలేదు. రేడియోవోళ్లు వద్దని రాస్తే గల్లీల ఏదన్న చెప్పుకోవచ్చు. అత్తమ్మకు ఎట్ల చెప్పాలె?