సోలారుకు కౌలు

శుక్రవారం, రాత్రి

సోలారు పలకలు వేయడానికి మా మెట్ట చేనును కౌలుకు అడుగుతూ ఆఫీసరు ఇంటికొచ్చాడు. భూసంస్కరణల రోజుల్లో మా మామగారికి ఆ చేను పట్టా ఇచ్చిన ఆఫీసరూ ఇంత తియ్యగానే మాట్లాడాడు. భూమి అని చెప్పి ఆయన రాళ్లగుట్ట చేతిలో పెట్టాడు. మేము రాళ్లన్నీ ఏరి శెనక్కాయ పండించాక, ఆ చేలో ఎండ బాగా కాస్తుందని ఈయన మెచ్చుకుంటున్నాడు.

"కౌలుకిస్తే శెనక్కాయ కట్టె భూమి గలోళ్ల ఎద్దుల మేతకు రావల్ల. మీ పలకలు ఏం మేత ఇస్తాయప్పా?" అని అడిగాను.

నవ్వాడు. "భూమి మీ పేరునే ఉంటుందమ్మా."

"అట్లయితే అందరు కౌలుదారుల మాదిరి ఉగాదికి దిగిపోతారా?"

దానికి నవ్వలేదు. రేపు కాగితాలతో వస్తానని లేచాడు.

ఆయన పోయినాక కోడలు సరోజ, "వానలు యాడ పడతాండాయి అత్తా? ఎద్దులకు నువ్వేం పెడతావు? సంతకం పెట్టు" అనింది. దాని మాటా అబద్ధం కాదు. కానీ మామగారి పట్టా నా పేరుకు మారి ఉండకుంటే ఆ ఆఫీసరు నన్ను అమ్మా అనేవాడా?

సరోజ నా కళ్లద్దాలు తుడిచి, పక్కన పెన్ను పెట్టి పడుకుంది. అద్దాలు తుడిచింది కాగితాలు చదవడానికా, సంతకం చోటు చూడటానికా?