బొకేతో సహా పడిపోయిన నేరం

కోరుట్ల,
తేది: 18-11-2025.

శ్రీయుత శశిధర్ రావు గారికి,
జిల్లా గ్రామ వివరాల అధికారి,
జగిత్యాల.

అయ్యా,

విషయం: తమరి తనిఖీ రోజున నేను స్పృహ తప్పి పడిపోయినందుకు నాకు జారీ చేసిన మెమోను రద్దు చేయుట, మరియు ఆఫీసులో రెండు గంటలకొకసారి కూర్చుండి తినుటకు రాతపూర్వకముగా అనుమతి ఇచ్చుట గురించి.

సూచిక: తమరి కార్యాలయపు మెమో, తేది 10-11-2025.

పై విషయములో తమరికి తెలియజేయునది ఏమనగా, నేను, పద్మ, భర్త పేరు జాన్, వయస్సు 43 సంవత్సరములు, నివాసము మేడిపల్లి, తమరి శాఖ కోరుట్ల కార్యాలయములో పంతొమ్మిదేండ్లుగా అటెండరుగా పనిచేయుచున్నాను. ఇన్నేండ్లు ఇతరుల అర్జీలను ఒక టేబుల్ నుండి ఇంకొక టేబుల్‌కు మోసినదానిని కనుక అర్జీ ఎట్లా రాయవలెనో నాకు తెలియును. సొంతముగా రాయుట ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించుమని అడుగుట లేదు.

1. నాకు పదకొండేండ్లుగా షుగరు వ్యాధి ఉన్నది. నన్ను కన్న మా అవ్వ బుచ్చవ్వకు కూడ ఉండెను. ఆమె వెల్గటూర్ దిక్కు వరికోతకు పోయినప్పుడు పాదములో కోసిన వరి కొయ్య గుచ్చుకున్నది. నొప్పి తెలియలేదు. తెలియకపోవుటయే ఆ జబ్బు. మొదలు వేలు తీసినారు, తరువాత పాదము, తరువాత మోకాలి దాక. మంచము మీద నుండి ఎత్తుకొని బయటికి తీసుకపోయినది నేనే. అప్పుడు ఆమె బరువు ముప్పై ఎనిమిది కిలోలు, నాది నూట పద్దెనిమిది. “నన్ను జూసన్నా బుద్ధి తెచ్చుకో బిడ్డా” అన్నది. ఆమె పోయి మూడేండ్లు. నిరుడు నా కుడికాలి బొటనవేలు మొద్దుబారినది. సూదితో గుచ్చి చూసుకున్నాను. రక్తము వచ్చినది, నొప్పి రాలేదు. ఆ భయానికి తిండి తగ్గలేదు, ఇంకా ఎక్కువ తిన్నాను. ఇది అర్జీలో రాయవలసిన మాట కాదు. నిజము కనుక రాసినాను.

కరీంనగర్‌లో డాక్టరమ్మ నా మూడు నెలల షుగరు పరీక్ష చూసి, పది దాటినదని, రెండు పూటల ఇన్సులిన్‌కు కూడ లొంగుట లేదని చెప్పినది. కడుపును కోసి సన్నని సంచి వలె చేసే ఆపరేషన్ ఉన్నది, దానితో బరువు తగ్గును, షుగరు కూడ దిగవచ్చును అన్నది. “మొత్తం పోతదని నేను మాటియ్య పద్మా. ఆపరేషన్ అయినంక అసలు పని నీదే. జన్మంత లెక్కగ తినాలె” అని కూడ అన్నది. మొగమాటము లేకుండ చెప్పినందుకే ఆమెను నమ్మినాను.

2. వైద్య సెలవు దరఖాస్తు పట్టుకొని ఏప్రిల్ నెలలో తమరి ఛాంబరుకు వచ్చినాను. తమరు కాగితము చదువలేదు. నన్ను పైనుండి కింది దాక చదివినారు.

“ఏం పద్మా, సినిమాల చేరుతవా?”

“లేదు సార్, షుగర్ కోసం.”

“నోరు కట్టుకుంటే అయిపోయేదానికి కడుపు కోసుకునుడెందుకు? పొద్దుగాల లేసి నడువు.”

గదిలో ఉన్న ఇద్దరు సారులు నవ్వినారు. నేను కూడ నవ్వినాను. పంతొమ్మిదేండ్ల అలవాటు. ఆ నవ్వినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు, తమరి సంగతి తరువాత. దరఖాస్తు మీద తమరు ఆకుపచ్చ సిరాతో ఇట్లు రాసినారు: “అందము నిమిత్తము చేయించుకొను శస్త్రచికిత్సకు వైద్య సెలవు వర్తించదు.” కాలి వేలు మొద్దుబారుట అందములోకి వచ్చునని నాకు ఆ రోజే తెలిసినది. నేను దాచుకున్న ఆర్జిత సెలవులు పెట్టుకొని ఆపరేషన్ చేయించుకున్నాను. ఖర్చు సంగతి తమరిని అడుగుట లేదు. అది మా ఇంటి సంగతి.

3. ఆపరేషన్‌కు ముందు రెండు వారములు గట్టి పదార్థము ముట్టరాదు. కాలేయము మీది కొవ్వు కరిగితేనే లోపల కోతకు దారి దొరుకునట. పొడి కలిపిన పాలు, పలుచని చారు, మజ్జిగ. ఆ రెండు వారములు కూడ నేను డ్యూటీకి వచ్చినాను. తిండి తగ్గెను కనుక ఇన్సులిన్ కూడ తగ్గించవలెను, ఎంత అనేది దినము దినము మారును. పొద్దున, మధ్యాహ్నము, సాయంత్రము వేలు గుచ్చుకొని, ఫోనులో డాక్టరమ్మకు అంకె చెప్పి, ఆమె చెప్పినంత సూది వేసుకున్నాను. మూడవ నాడు మెట్ల మీద చేతులు వణికి రిజిస్టరు జారవిడిచినాను. అందుకు సూపరింటెండెంటు రుక్మిణి మేడం గారు “కండ్లు నెత్తికెక్కినయా” అన్నారు. కండ్లు తిరిగినవి, నెత్తికెక్కలేదు.

నా భర్త సిరిసిల్లలో బట్ట నేసే సాంచెల మీద పనిచేసి ఆదివారము ఆదివారము వచ్చును. ఆ ఆదివారము అన్నము కలిపి, కంచము అవతలికి నూకినాడు.

“నువ్వు చారు తాగుకుంట కూసుంటే నాకెట్ల దిగుతది పద్మా?”

“తినవయ్యా. నువ్వు పస్తులుంటే నా ఆకలి పోతదా?” అని కసిరినాను.

ఆయన తిన్నాడు. తినుకుంట ఏడ్చినాడు. నేను చారు పారబోయకుండ తాగినాను.

4. జూన్ 9న ఆపరేషన్ అయినది. మర్నాడు నాకిచ్చిన మొదటి ఆహారము మందుసీసా మూతతో కొలిచిన నీళ్లు, పావుగంటకు రెండు మూతలు. దూప ఆగక నాలుగు మూతలు ఒక్కసారే తాగినాను. ఛాతీలో రాయి అడ్డము పడినట్లయి అంతా కక్కినాను. మూడవ వారము మెత్తగ నూరిన పప్పు, నాలుగు చెంచాలు. తినేటప్పుడు నీళ్లు తాగరాదు, తాగేటప్పుడు తినరాదు. పొరపాటున తీపి నోట్లో పడితే గుండె దడ, ఒళ్లంత చెమట. జుట్టు పిడికిళ్లతో ఊడినది. మా వాడకట్టు ఆడవాండ్లు చూడవచ్చి “మంచిగున్నదాన్ని పాడు చేసుకున్నవు గదనే” అన్నారు. అంతకు ముందు రోజులలో మంచిగున్నావని వాళ్లు ఒక్కనాడు అనలేదు.

అయినను ఇన్సులిన్ ఆగినది. మందులలో ఒక్క గోళీ మిగిలినది. ఐదు నెలలకు ముప్పై నాలుగు కిలోలు తగ్గినాను. సెప్టెంబరులో ఒకనాడు ఇంట్లోకి పోతుంటే బొటనవేలు గడపకు కొట్టుకొని నొచ్చినది. ఎక్కువేమీ కాదు, కొంచెము. అక్కడనే కూలబడి నవ్వినాను. సిరిసిల్లకు ఫోన్ చేసి “నా ఏలు నొస్తుంది” అన్నాను. సాంచెల చప్పుడులో ఆయనకు వినరాలేదు. “ఏమైందే?” అని అటునుండి ఆయన, “నొస్తుందయ్యా, నొస్తుంది!” అని ఇటునుండి నేను. పక్కింటివారు కొట్లాట అనుకొని వచ్చినారు.

5. జూలై చివర డ్యూటీలో చేరినప్పుడు డాక్టరమ్మ రాసిన చీటీని రుక్మిణి మేడం గారికి ఇచ్చినాను. రెండు గంటలకొకసారి కొద్దిగా తినవలెను, గుడ్డు, పప్పు, పెరుగు వంటివి ముందు తినవలెను, ఆలస్యమైతే షుగరు పడిపోవును అని అందులో రాసి ఉన్నది. మొదటి రోజు పదకొండు గంటలకు హాలు మూలకు స్టూలు మీద కూర్చుండి ఉడకబెట్టిన గుడ్డు తిన్నాను. పది నిమిషములు పట్టినది, ఎందుకంటే నమిలి నమిలి మింగవలెను.

మేడం గారు చెంగు ముక్కుకు అడ్డము పెట్టుకొని, “ఇక్కడ తినకు. గోడకు దేవుని పటమున్నది, కనబడ్తలేదా?” అన్నారు.

“ఏడ తినాలె మేడం?”

“ఏడనన్న తిను. గీడ కాదు.”

ఆ రోజు నుండి మెట్ల కింద, చీపుర్లు పెట్టే చోట, నిలబడి తిన్నాను. మార్చి నెలలో భాస్కర్ సారు రిటైర్మెంటు నాడు అదే హాలులో అందరూ మటన్ తిన్నారు. వడ్డించినది నేనే. దేవుని పటము అప్పుడు కూడ అక్కడనే ఉండెను. కావున వాసన గుడ్డుదా, తినే మనిషిదా అనునది తమరు విచారణ జరిపించి తేల్చగలరు. విచారణ అవసరము లేదు, నాకు తెలియును. తమరికీ తెలియును.

6. నవంబరు 6న తమరి తనిఖీ. పది గంటలకు వచ్చెదరని చెప్పినారు. నేను ఏడింటికి ఇంట్లో ఒక దోసె సగము తిని, గోళీ వేసుకొని, బస్సెక్కి వచ్చినాను. తొమ్మిదిన్నరకు బొకే చేతిలో పెట్టి వాకిట మెట్ల మీద నిలబెట్టినారు. పదకొండు గంటలకు “మేడం, తిని అస్త” అన్నాను. “సారు బండి మేడిపల్లి దాటిందట, కదలకు” అన్నారు. పదకొండున్నరకు చెమటలు పట్టి, “మేడం, నాతోని అయితలేదు” అన్నాను. “పది నిమిషాలు ఆగలేవా? ఇన్నేండ్లు తిన్నది సరిపోలేదా?” అన్నారు. తమరు వచ్చినది పన్నెండుంబావుకు. తమరి కారు తలుపు తెరుచుకొనుట చూసినాను. ఆ తరువాత నాకు తెలియదు.

తరువాతి సంగతి వెల్గటూర్ రైతు జలపతి చెప్పినది. ఆయన ఆ రోజు మన ఆఫీసు నుండి తనకు రావలసిన కాగితము కోసము వరుసలో నిలబడి ఉండెను. నేను బొకేతో సహా మెట్ల మీద బోర్లా పడినానట. గడ్డము కింద గవద పగిలి రక్తము కారినదట. తమరు ఒక కాలు ఎత్తి, నా చేతి మీదుగా దాటి, లోపలికి పోయినారట. మేడం గారు బొకే తీసి, నలిగిన పూలు దులిపి, తమరికే ఇచ్చినారట. “గీమెకు షుగర్ పడిపోయింది, నిలవడి చూస్తరేందయ్యా!” అని అరిచి, ఎదురుగ హోటలుకు ఉరికి, పిడికిట్ల చక్కెర తెచ్చి, నా పెదవి లోపల రాసినది ఆ జలపతే. ఆయన భార్యకు కూడ ఈ జబ్బు ఉన్నదట. దవఖానలో చూచినప్పుడు, ఆ చక్కెర తిన్న తరువాత కూడ నా షుగరు యాభై రెండు. గవదకు నాలుగు కుట్లు పడినవి. జలపతి కాగితము ఆ రోజు కాలేదు. వరుసలో లేడు అని పక్కకు పెట్టినారు.

7. నాలుగు రోజులకు మెమో వచ్చినది. అందులో నా మీద రెండు నేరములు. ఒకటి, “జిల్లా అధికారి వారి ఎదుట ఉద్దేశపూర్వకముగా పడిపోయి కార్యాలయ గౌరవమునకు భంగము కలిగించుట.” ఉద్దేశపూర్వకముగా స్పృహ తప్పుట ఎట్లనో తమరు ఒకసారి పడి చూపించగలరని మనవి. రెండు, “శస్త్రచికిత్స జరిగిన సంగతి పై అధికారులకు తెలుపక దాచుట.” దీనికి జవాబుగా, ఆకుపచ్చ సిరాతో తమరు సంతకము చేసిన నా ఏప్రిల్ నెల దరఖాస్తు జిరాక్సును జతపరచినాను. అసలు కాగితము నా దగ్గరనే ఉన్నది. మెమో మీది సంతకము, దరఖాస్తు మీది సంతకము ఒక్కటేనా కాదా తమరే చూసుకొనగలరు. ఈ రెండింటి నకళ్లను, డాక్టరమ్మ చీటీని హైదరాబాదులోని తమరి పై అధికారులకు నిన్ననే రిజిస్టరు పోస్టులో పంపినాను.

కావున, సదరు మెమోను రద్దు చేయవలెను. రెండు గంటలకొకసారి పది నిమిషములు, హాలులో, కుర్చీ మీద కూర్చుండి తినుటకు రాతపూర్వకముగా అనుమతి ఇవ్వవలెను. అనుమతి రాకున్నను రేపు పదకొండు గంటలకు నేను హాలులోనే కూర్చుండి తినెదను. లేపదలచిన వారు వచ్చి లేపవచ్చును. ఎనభై నాలుగు కిలోలు ఉన్నాను, అంత తేలిక కాదు. జలపతి కాగితము కూడ ఇప్పించవలెను. ఆయన పేరు ఈ అర్జీలో రాసినందుకు ఆయన పని ఆపితే, ఇంకొక అర్జీ రాయుట నాకు కష్టము కాదు. చేయి తిరిగినది.

ఈ సంగతులన్నియు తమరు భోజనము చేసిన తరువాత, ఆకలి లేని సమయమున, నిదానముగా చిత్తగించవలెను.

ఇట్లు,
ఈ రోజు వరకు తమ విధేయురాలు,
పద్మ, అటెండరు.

తా.క.: గీ అర్జీ చేతికిద్దామని జగిత్యాలకు అచ్చిన. నువ్వు మీటింగుల ఉన్నవన్నరు సారు. కింద బండ్లు ఆపేకాడ కూసున్న. నీ కారు నడిపే కొమురయ్య కాక అచ్చి పక్కన కూసున్నడు. గవదకు కుట్లెందుకని అడిగిండు, చెప్పిన. అటిటు చూసి, “ఏ డాక్టరమ్మ బిడ్డా?” అన్నడు. ఆయనకు తొమ్మిదేండ్ల సంది షుగరట. పొద్దుగాల గోళీ ఏసుకొని నీ ఇంటి ముందట బండి పెడ్తడట, నువ్వెప్పుడు బయటికస్తవో తెల్వక టిఫిన్ డబ్బ మూత తియ్యడట. మొన్న ధర్మపురి తొవ్వల రెండుసార్లు కండ్లు మసకలైనయట, స్టీరింగు గట్టిగ పట్టుకొని అట్లనే నడిపిండట. నీకు చెప్పాల్నంటే భయమట.

“నీ పేరు గూడ రాయాల్నా కాకా?” అని అడిగిన. “నౌకరి పోతదేమో” అన్నడు. నేను పెన్ను మూతపెడుతుంటే, “రాయి బిడ్డా” అన్నడు.

రాసిన. ముందుగాల ఆయనను తిననియ్యి సారు. ఆయనకు కండ్లు తిరిగిననాడు ఎనుక సీట్ల ఉండేది నువ్వే.